సంతకం మనది, సొమ్ము దొంగది

2024 జులై 18న, క్రిప్టో కాయిన్లు కొని అమ్ముకునే వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు వెళ్లిపోయాయి. అప్పటి లెక్కలో మన రూపాయల్లో 1,900 కోట్ల పైమాటే. కస్టమర్ల తరఫున ఆ ఎక్స్ఛేంజ్ దగ్గరున్న ఆస్తుల్లో అది సుమారు 45 శాతం. వెంటనే విత్‌డ్రాయల్స్ ఆపేశారు. తర్వాత వ్యవహారం సింగపూర్ హైకోర్టుకు వెళ్లింది. 2025 అక్టోబరు చివర్లో ట్రేడింగ్ మళ్లీ మొదలయ్యేదాకా, అంటే పదిహేను నెలలపాటు, యాప్‌లో బ్యాలెన్స్ చూసుకోవడం తప్ప తమ కాయిన్లతో కస్టమర్లు చేయగలిగిందేమీ లేదు.

ఇంత సొమ్ము పోయిన వాలెట్‌కు భద్రత లేదా అంటే, ఉంది. అది మల్టీసిగ్ వాలెట్. ఒక్కరి సంతకంతో డబ్బు కదలదు. మొత్తం ఆరుగురు సంతకందారులు. ఐదుగురు వజీర్‌ఎక్స్ వాళ్లు, ఒకరు కాయిన్లను భద్రపరిచే కస్టడీ సేవలందించే లిమినల్ సంస్థ. ముగ్గురు వజీర్‌ఎక్స్ వాళ్లు సంతకం చేశాక, లిమినల్ కూడా ఆమోదిస్తేనే లావాదేవీ ముందుకెళుతుంది. పైగా సంతకాలకు హార్డ్‌వేర్ వాలెట్లు అనే ప్రత్యేక పరికరాలు కూడా వాడారు. అయినా నాలుగు సంతకాలూ పడ్డాయి. రోజూ చేసే మామూలు బదిలీ అనుకుని చేసిన సంతకాలు, నిజానికి ఆ వాలెట్ అజమాయిషీనే దొంగల చేతికి అప్పగించాయి. తెరపై కనిపించింది ఒకటి, సంతకం చేసింది ఇంకొకటి అని వజీర్‌ఎక్స్ చెప్పింది. ఎవరి వ్యవస్థలో లోపం ఉందన్న దానిపై రెండు సంస్థలూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నాయి. ఈ పని ఉత్తర కొరియా హ్యాకర్లదేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా 2025 జనవరిలో ఉమ్మడి ప్రకటన చేశాయి.

ఏడు నెలలు తిరగ్గానే అదే పాచిక మరింత పెద్ద చోట పారింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన, ఈథీరియం బ్లాక్‌చైన్ కాయిన్ ఈథర్ పోయింది. దొంగలు బైబిట్ కంప్యూటర్ల జోలికే వెళ్లలేదు. బైబిట్ సంతకాలకు వాడుకునే సేఫ్ వాలెట్ సంస్థలో ఒక డెవలపర్ కంప్యూటర్‌లోకి దూరి, అక్కడి నుంచి వెబ్‌పేజీ కోడ్‌ను మార్చేశారు. ఆ మార్పు బైబిట్ వాళ్లు తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా రాశారు. మిగతా ప్రపంచానికి అంతా మామూలుగానే కనిపించింది. సంతకందారులకు తెరపై సరైన అడ్రసే కనిపించింది, సరే అన్నారు. ఇదీ ఉత్తర కొరియా పనేనని ఎఫ్‌బీఐ తేల్చింది.

ఈ రెండు కేసులతో ఎందుకు మొదలుపెట్టానంటే, క్రిప్టో హ్యాక్ అనగానే ఎవడో మేధావి కూర్చుని బ్లాక్‌చైన్‌ను ఛేదించాడని చాలామంది అనుకుంటారు. వార్తలకెక్కిన పెద్ద దొంగతనాల్లో ఎక్కడా ఆ గణితం ఓడిపోలేదు. ఎక్కువ కేసుల్లో కీ చేతులు మారింది, లేదంటే కీ ఉన్న మనిషే తెలియక సంతకం చేశాడు. కొన్ని చోట్ల తెలిసే, ఇష్టంగా పంపాడు. మనలాంటి చిన్న ఇన్వెస్టర్ల దగ్గర జరిగేదీ ఇదే. అంకెల్లో సున్నాలు తక్కువ, అంతే.

వాలెట్‌లో ఏముంటుంది?

వాలెట్ అనే పేరే తప్పుదారి పట్టిస్తుంది. అందులో కాయిన్లు ఉండవు. ఏ అడ్రస్‌లో ఎంతుందో రాసిన లెక్క బ్లాక్‌చైన్‌లో ఉంటుంది, అది లోకమంతా చూడొచ్చు. వాలెట్‌లో ఉండేది ప్రైవేట్ కీ. ఆ కీతో సంతకం చేస్తేనే లెక్క మారుతుంది. ఒకసారి మారితే వెనక్కి తిప్పే మేనేజర్ లేడు, బ్రాంచి లేదు. బ్యాంకులో మన సంతకం తేడాగా ఉంటే గుమాస్తా ఆపుతాడు. ఇక్కడ కీ సరిపోయిందా లేదా అన్నది తప్ప, చేసింది మనమా మరొకరా అని అడిగే నాథుడు లేడు.

ఆ కీని మనం గుర్తుపెట్టుకోలేం కాబట్టి, దాన్ని మామూలు ఇంగ్లిష్ పదాల రూపంలో ఇస్తారు. అదే సీడ్ ఫ్రేజ్. 2,048 పదాల జాబితా నుంచి 12 లేదా 24 పదాలు, ఒక వరుసలో. ఆ పదాలు ఎవరి చేతికి వస్తే కాయిన్లు వాళ్లవే. మీ ఫోన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఇది సరిగ్గా బుర్రకెక్కితే సగం మోసాలు వాటంతటవే బయటపడతాయి. వాలెట్ వ్యాలిడేట్ చేయాలనో, కేవైసీ అప్‌డేట్ అనో, ఎయిర్‌డ్రాప్ పేరుతో ఉచిత కాయిన్లు ఇస్తామనో, సర్వర్ మైగ్రేషన్ అనో, ఏ పేరుతోనైనా ఆ పదాలు అడిగాడంటే వాడు దొంగ. ఇందులో మినహాయింపు లేదు. నిజమైన కస్టమర్ కేర్‌కు మీ పదాలతో పనే ఉండదు.

మరి ఎక్స్ఛేంజ్ యాప్‌లో కొన్న కాయిన్ల సంగతి? అక్కడ కీ వాళ్ల దగ్గరుంటుంది. మీకు కనిపించే బ్యాలెన్స్, వాళ్లు మీకు ఇవ్వాల్సిన బాకీ లాంటిది. దీని అర్థం ఏమిటో వజీర్‌ఎక్స్ కేసులో ఒక ఇన్వెస్టర్‌కు బాగా తెలిసొచ్చింది. 2024 జనవరిలో 1,98,516 రూపాయలు పెట్టి 3,532.30 ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లు కొన్నారు. హ్యాకర్లు పట్టుకుపోయింది ఈథీరియం మీది టోకెన్లు, ఎక్స్‌ఆర్‌పీ కాదు. అయినా అందరితోపాటు ఆ ఖాతా కూడా స్తంభించిపోయింది. ఆ ఇన్వెస్టర్ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరులో జస్టిస్ ఎన్.ఆనంద్ వెంకటేశ్ తీర్పు చెబుతూ, క్రిప్టోకరెన్సీ ఒక ఆస్తేనని, దాన్ని మరొకరి తరఫున నమ్మకంగా పట్టి ఉంచవచ్చని అన్నారు. మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. అలాగని బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా లాంటిది క్రిప్టోకు వచ్చేసిందని అనుకోవద్దు. ఆ రక్షణ లేదు.

అన్ని ఎక్స్ఛేంజ్‌ల కథా ఒకేలా ముగియదు. 2025 జులై 19న కాయిన్‌డీసీఎక్స్ నుంచి సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయాయి. ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్ ద్వారా చొరబాటు జరిగిందని బెంగళూరు పోలీసుల దర్యాప్తులో తేలింది. పోయింది సంస్థ సొంత లావాదేవీలకు వాడుకునే ఖాతా నుంచి. కస్టమర్ల కాయిన్లు వేరుగా ఉన్నాయి, నష్టాన్ని సంస్థే భరించింది. కాబట్టి ఎక్స్ఛేంజ్‌ను ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత తక్కువ అన్నది చివర్లో చూడాలి. కేంద్ర ప్రభుత్వ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైందా, కాయిన్లను బయటి వాలెట్‌కు పంపుకోనిస్తుందా, కస్టమర్ల ఆస్తుల లెక్క బయటపెడుతుందా అన్నవి ముందు చూడాలి. కొన్ని యాప్‌లలో కొనడం, అమ్మడం తప్ప బయటికి పంపే దారే ఉండదు. అలాంటి చోట మీరు కొన్నది కాయిన్ కాదు, దాని ధర మీద ఒక అంకె.

సొంత వాలెట్టా, ఎక్స్ఛేంజా అని అడిగితే నా సమాధానం చాలామంది క్రిప్టో అభిమానులకు నచ్చదు. పదీ ఇరవై వేలు పెట్టి, ఆ పన్నెండు పదాల కాగితాన్ని ఐదేళ్లు జాగ్రత్తగా దాచే ఓపిక లేనివాళ్లు నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే ఉంచుకోవడం మేలు. పోతే ఇంట్లో గొడవ అయ్యేంత మొత్తం ఉన్నప్పుడు మాత్రం హార్డ్‌వేర్ వాలెట్ కొనాల్సిందే.

కాగితం, కలం

హార్డ్‌వేర్ వాలెట్ అంటే పెన్‌డ్రైవ్ అంత ఉండే చిన్న పరికరం. ట్రెజర్, లెడ్జర్ లాంటివి. కీ దాని లోపలే పుడుతుంది, బయటికి రాదు. సంతకం కూడా లోపలే జరుగుతుంది. అందుకే మీ కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా అది కీని చూడలేదు. దీన్ని తయారీదారు దగ్గరో, వాళ్లు గుర్తించిన డీలర్ దగ్గరో కొనాలి. ఆఫర్‌లో వచ్చిందని, సెకండ్ హ్యాండ్‌లో దొరికిందని కొనకూడదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు చిన్న తెరపై పదాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ వరుస అంకెతో సహా కాగితం మీద కలంతో రాసుకోవాలి. రాశాక పరికరం మళ్లీ అడిగి సరిచూస్తుంది. పెట్టెలోనే పదాలు ముందుగా ముద్రించిన కార్డు కనిపించిందంటే, గీకితే పదాలు బయటపడేలా ఉన్నా సరే, ఆ పరికరాన్ని వాడొద్దు. ఆ పదాలు ఇంకొకరి దగ్గర కూడా ఉన్నాయి. మీరు కాయిన్లు వేసేదాకా వాళ్లు ఓపిగ్గా చూస్తారు.

రాసుకున్నాక చాలామంది చేసే పని ఆ కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం. ఆ ఫొటో గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్‌లోకి పోతుంది. స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ బయటపెట్టింది. అది గ్యాలరీలో ఉన్న ఫొటోల్లోని అక్షరాలను చదివి, సీడ్ ఫ్రేజ్ పదాలు కనిపిస్తే దొంగలకు చేరవేస్తుంది. ఎక్కడో చీకటి సైట్లలో కాదు, గూగుల్ ప్లేలోనూ యాపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌లలోనే దొరికింది. మీకు మీరే వాట్సాప్‌లో మెసేజ్ పంపుకోవడం, జీమెయిల్ డ్రాఫ్ట్‌లో దాచడం, ఫోన్ నోట్స్‌లో రాయడం, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. కీబోర్డు మీద టైప్ చేయని పదాలే భద్రమైనవి.

రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్‌లో. పెద్ద మొత్తం పంపే ముందు చిన్న మొత్తం వేసి, పరికరాన్ని రీసెట్ చేసి, కాగితం చూసి మళ్లీ తెరుచుకుంటుందో లేదో పరీక్షించుకోవాలి. ఇది విసుగు పని, ఎవరూ చేయరు. ఒక పదం తప్పు రాసుకున్న సంగతి మూడేళ్ల తర్వాత పరికరం పాడైనప్పుడు తెలియడం కన్నా ఈ విసుగే నయం. ఇంట్లో ఒక్కరికైనా ఆ కాగితం ఏమిటో తెలియాలి. సొంత వాలెట్‌కు నామినీ కాలమ్ ఉండదు, లీగల్ హైర్ సర్టిఫికెట్ చూపిస్తే తెరుచుకోదు.

పదాలు ఇవ్వకుండానే పోయే దారులు

సీడ్ ఫ్రేజ్ ఎవరికీ చెప్పకపోతే చాలనుకుంటే పొరపాటే. మెటామాస్క్ లాంటి వాలెట్‌ను ఏదైనా సైట్‌కు కనెక్ట్ చేశాక, మీ టోకెన్లు వాడుకోవడానికి అనుమతి అడుగుతూ అప్రూవ్ అనే బటన్ వస్తుంది. చాలామందికి అది యాప్ పర్మిషన్ లాగే అనిపిస్తుంది, చదవకుండా నొక్కేస్తారు. అక్కడ అపరిమితం అని ఉంటే, ఆ నొక్కుడుతో మీ యూఎస్‌డీటీలోంచి (డాలర్ విలువకు కట్టిన టెథర్ సంస్థ కాయిన్) ఎంతైనా, ఎప్పుడైనా తీసుకునే హక్కు ఆ సైట్ వెనకున్న కాంట్రాక్ట్‌కు, అంటే బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు వెళుతుంది. ఒక రకంగా అంకె వేయని చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడమే. వాడు ఆ రోజే తీయాలని కూడా లేదు. ఖాతాలో డబ్బు నిండేదాకా నెలల తరబడి ఆగొచ్చు. సైట్ మూసేసినా, కనెక్షన్ తీసేసినా ఆ హక్కు పోదు. రివోక్ చేసే, అంటే అనుమతిని రద్దు చేసే సాధనాలు ఉన్నాయి, వాటితో పాత అనుమతులు చూసి తీసేయాలి. అప్రూవ్ చేసేటప్పుడు కూడా అపరిమితం అని ఉన్నచోట, ఆ లావాదేవీకి కావాల్సినంత అంకె మాత్రమే వేయవచ్చు. వజీర్‌ఎక్స్, బైబిట్ సంతకందారులు పడిన గోతికి ఇది చిన్న నమూనా: దేని మీద చేస్తున్నామో తెలియకుండా సంతకం. తెరపై అర్థం కాని అక్షరాల గొలుసు మాత్రమే కనిపిస్తే, క్యాన్సిల్ నొక్కడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఇంకో పద్ధతి ఉంది, దాన్ని చూస్తే దొంగల ఓపికకు ఆశ్చర్యం వేస్తుంది. ఈథీరియం అడ్రస్‌లో 42 అక్షరాలుంటాయి. వాలెట్ యాప్‌లు మొదటి నాలుగైదు, చివరి నాలుగైదు చూపించి మధ్యలో చుక్కలు పెడతాయి. మీరు తరచూ పంపే అడ్రస్ మొదలూ చివరా ఎలా ఉన్నాయో చూసి, దొంగ అచ్చం అలాంటి కొసలున్న అడ్రస్‌ను కంప్యూటర్‌తో పుట్టిస్తాడు. దాని నుంచి మీకు సున్నా విలువో, పైసా విలువో పంపుతాడు. ఇప్పుడు అది మీ హిస్టరీలో కూర్చుంటుంది. మరుసటిసారి మీరు హిస్టరీ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే వాడి అడ్రస్ పడుతుంది. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్లు (ఈథీరియం మీద వాడే బిట్‌కాయిన్ రూపం), దాదాపు 7 కోట్ల డాలర్ల విలువైనవి, నకిలీ అడ్రస్‌కు పంపేశారు. బేరసారాల తర్వాత దొంగ చాలావరకు తిరిగిచ్చాడు. అది ఆ బాధితుడి అదృష్టం, అందరికీ ఉండేది కాదు. హిస్టరీ నుంచి కాపీ చేయొద్దు. వాలెట్‌లో అడ్రస్ బుక్ ఉంటుంది, అందులో సేవ్ చేసుకోండి. మధ్య అక్షరాలు కూడా చూడండి. మొదట చిన్న మొత్తం పంపి, చేరిందని తెలిశాక మిగతాది పంపండి. ఏ నెట్‌వర్క్ అన్నది కూడా అవతలివాళ్లతో సరిచూసుకోవాలి. ట్రాన్ అనే బ్లాక్‌చైన్ మీది యూఎస్‌డీటీ వేరు, ఈథీరియం మీదిది వేరు.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్‌ఎంఎస్‌లు వాళ్లు చదువుతారు. అప్పుడు ఓటీపీ భద్రత ఉన్నా లేనట్టే. అందుకే ఎక్స్ఛేంజ్ ఖాతాకు ఎస్‌ఎంఎస్ ఓటీపీ బదులు, ఫోన్‌లోనే కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్ పెట్టుకోవాలి. ఆ ఎక్స్ఛేంజ్‌కు లింకైన ఈమెయిల్‌కు కూడా పెట్టుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు. మీరు ముందే నమోదు చేసిన అడ్రస్‌లకే కాయిన్లు పంపనిచ్చే విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు.

కస్టమర్ కేర్ అంటే ఇంకోటి చెప్పాలి. మీ పేరు, ఖాతా వివరాలు, బ్యాలెన్స్ అన్నీ సరిగ్గా చెబుతూ ఫోన్ చేసినంత మాత్రాన అతను ఎక్స్ఛేంజ్ మనిషి అయిపోడు. అమెరికా ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ సంస్థ విదేశీ సపోర్ట్ ఏజెంట్లలో కొందరికి లంచమిచ్చి దాదాపు 69 వేల మంది కస్టమర్ల వివరాలు దొంగలు సంపాదించారు. 2025 మేలో 2 కోట్ల డాలర్లు ఇవ్వాలని బెదిరిస్తే సంస్థ ఇవ్వనంది. ఆ వివరాలతో కస్టమర్లకు ఫోన్లు చేసి, మీ ఖాతా ప్రమాదంలో ఉంది, కాయిన్లు మేం చెప్పే భద్రమైన వాలెట్‌కు మార్చండి అని నమ్మించడమే వాళ్ల ఎత్తు. ఈ కేసులో ఒక మాజీ సపోర్ట్ ఏజెంట్‌ను హైదరాబాద్‌లో పోలీసులు అరెస్టు చేసినట్టు అదే ఏడాది డిసెంబరులో కంపెనీ సీఈవో ప్రకటించారు.

ఇష్టపడి పంపిన డబ్బు

ఇక హ్యాకింగ్ ఏమాత్రం లేని మోసం. వాట్సాప్‌లో రాంగ్ నంబర్ పలకరింపు, లేదా టెలిగ్రామ్‌లో ట్రేడింగ్ గ్రూప్. గ్రూప్‌లో రెండొందల మంది రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. మీరు తప్ప అందరూ వాళ్ల మనుషులే. వాళ్లిచ్చిన లింకులో యాప్ వేసుకుంటారు, పదివేలు పెడతారు, రెండు రోజుల్లో పన్నెండు వేలు అవుతుంది. విత్‌డ్రా చేస్తే నిజంగానే బ్యాంకులో పడుతుంది. ఆ రెండు వేల లాభం వాళ్లు పెట్టిన పెట్టుబడి. అక్కడి నుంచి మీరు లక్షలు పెడతారు. యాప్‌లో అంకెలు పెరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆ అంకెలు టైప్ చేసేది వాళ్లే. తీసుకుందామనుకున్న రోజు, ముందు 30 శాతం ట్యాక్స్ కట్టాలంటారు. మన దగ్గర క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి ఉన్న మాట నిజమే, అందుకే జనం నమ్ముతారు. కానీ ఆ పన్ను కట్టేది ఆదాయపు పన్ను శాఖకు, రిటర్నుల ద్వారా. ఎక్స్ఛేంజ్ 1 శాతం టీడీఎస్ మాత్రం అమ్మిన సొమ్ములోంచే కోసుకుంటుంది. మీ డబ్బు మీకివ్వడానికి ముందుగా ఇంకొంత డబ్బు పంపమన్న చోట, లోపల ఏమీ లేదని అర్థం.

అవతలి వైపు కూర్చుని చాట్ చేస్తున్నది ఎవరు? చాలాసార్లు కంబోడియాలోనో, మయన్మార్‌లోనో కంచె వేసిన కాంపౌండ్లలో బందీగా ఉన్న కుర్రాళ్లు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మనవాళ్లను కంబోడియాకు పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని మన వాళ్లతోనే మన వాళ్లను మోసం చేయించారు. ఈ వ్యాపారం ఎంత పెద్దదో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2025 అక్టోబరులో కంబోడియాకు చెందిన ప్రిన్స్ గ్రూప్ అధినేత మీద కేసు పెట్టినప్పుడు అమెరికా న్యాయశాఖ జప్తు కోరిన బిట్‌కాయిన్లు 1,27,271. అప్పటి విలువ దాదాపు 1,500 కోట్ల డాలర్లు.

ఈ డబ్బు ఏ మోసంతోనూ సంబంధం లేనివాళ్ల నెత్తిన కూడా పడుతుంది. పీటుపీలో, అంటే వ్యక్తి నుంచి వ్యక్తికి నేరుగా యూఎస్‌డీటీ అమ్మేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎక్కడో ఒక పెద్దాయనను మోసగించి రాబట్టిన సొమ్ముతో దొంగ మీ దగ్గర యూఎస్‌డీటీ కొంటాడు. ఆ పెద్దాయన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తాడు. పోలీసులు డబ్బు వెళ్లిన దారి వెంట వస్తారు. నాలుగో ఖాతా మీదైతే దానిపై లియన్ పడుతుంది, అంటే అంత సొమ్ము తీయకుండా ఆపేస్తారు, కొన్నిసార్లు ఖాతా మొత్తం ఫ్రీజ్ అవుతుంది. ఏ రాష్ట్రంలోనో ఉన్న పోలీస్ స్టేషన్‌కు మెయిళ్లు పెడుతూ, చాట్ ప్రింటవుట్లు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఆ టెన్షన్ పడటం మీ వంతు. మార్కెట్ కన్నా రెండు మూడు రూపాయలు ఎక్కువిస్తానన్నవాడి దగ్గర జాగ్రత్త. డబ్బు వేసిన బ్యాంకు ఖాతా పేరు, ఎక్స్ఛేంజ్‌లో కేవైసీ పేరు ఒకటి కాకపోతే కాయిన్లు విడుదల చేయకుండా డబ్బు వెనక్కి పంపేయాలి. జీతం పడే ఖాతాను పీటుపీకి వాడకూడదు.

పోయిన తర్వాత

మోసపోయామని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. యూపీఐ, ఐఎంపీఎస్ ద్వారా వెళ్లిన రూపాయలను మొదటి గంటల్లో అయితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. కాయిన్ల విషయం వాటి రకాన్ని బట్టి ఉంటుంది. బిట్‌కాయిన్‌ను ఎవరూ ఆపలేరు. యూఎస్‌డీటీని మాత్రం టెథర్ సంస్థ ఏ అడ్రస్‌లోనైనా స్తంభింపజేయగలదు, పోలీసులు కోరితే చేస్తుంది కూడా. దొంగ ఏ కాయిన్‌నైనా ఎక్స్ఛేంజ్‌కు పంపితే అక్కడా పట్టుకునే వీలుంది. ఇందుకు పోలీసులకు కావాల్సింది ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ గుర్తింపు కోడ్), పంపిన అడ్రస్, చేరిన అడ్రస్, తేదీ, సమయం. ఇవి కాపీ చేసి ఫిర్యాదులో అక్షరాలుగా పెట్టాలి, స్క్రీన్‌షాట్‌లో చుక్కల మధ్య దాగిన సగం అడ్రస్ ఎవరికీ పనికిరాదు. కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు, గ్రూప్‌లోంచి బయటికి రావొద్దు. ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

సీడ్ ఫ్రేజ్ బయటపడిందని అనుమానం వస్తే పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం లేదు. కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి, మిగిలినవన్నీ వెంటనే అక్కడికి మార్చాలి. పాత వాలెట్‌ను మళ్లీ ఎప్పుడూ వాడకూడదు.

ఆ తర్వాత వారం పది రోజులకు ఒక ఫోన్ వస్తుంది. పోయిన కాయిన్లు ట్రేస్ చేశామని, రికవరీ చేసి ఇస్తామని, కొద్దిగా ఫీజు అవుతుందని. ఎథికల్ హ్యాకర్ అంటారు, లాయర్ అంటారు, సైబర్ సెల్ అధికారి అని కూడా అంటారు. మీకెంత పోయిందో రూపాయితో సహా చెబుతారు, ఎందుకంటే మొదట దోచుకున్న ముఠా మీ నంబరును, మీ నష్టం అంకెను అమ్ముకుంటుంది, లేదా తానే వేరే గొంతుతో మళ్లీ చేస్తుంది. ఆ నంబరును, కాల్ వచ్చిన సమయాన్ని రాసుకుని, ఉన్న ఫిర్యాదుకే జత చేయించండి.